నిరీక్షణ రుసుము

క్రెడిట్ కార్డు బిల్లులో 'నిరీక్షణ రుసుము' అనే మాట చూసి మీలో ఎవరైనా ఎవరినైనా తిట్టుకుని ఉంటే, ఆ తిట్టు దారి తప్పి ఉంటుంది. అది నాకు చేరాల్సింది. ఆ మాటను పుట్టించినవాణ్ణి నేనే.

నా పేరు పానకాలరావు. మాది మంగళగిరి. విజయవాడలో ఒక బ్యాంకు ప్రాంతీయ కార్యాలయంలో భాషాధికారిగా పద్దెనిమిదేళ్లు పనిచేశాను. బ్యాంకు పేరు చెప్పను. చెబితే పేరు వాడుకున్నందుకు ఏదో ఒక రుసుము వేస్తారు. దానికి అందమైన తెలుగు పేరు పెట్టగల సమర్థుడు ఇప్పుడు అక్కడ లేడనుకోండి, అయినా ఎందుకొచ్చింది.

భాషాధికారి అంటే పెద్ద ఉద్యోగమనుకునేరు. 'ఈ కౌంటరు మూసివేయబడినది', 'ఇచట ఉమ్మివేయరాదు' లాంటి రచనలు నావి. అవి కాక నాకో కవితా సంపుటి ఉంది. మూడు వందల ప్రతులు వేయించాను. అందులో రెండు వందల డెబ్బై మా మంచం కింద ఉన్నాయి. మొదటి సంపుటిని లోకం అర్థం చేసుకోలేదని రెండోది వేశాను. దాని అచ్చు ఖర్చు, ఆవిష్కరణ సభ, వక్తల శాలువాలు, అన్నీ కలిపి ఎనభై నాలుగు వేలు మా బ్యాంకు కార్డు మీదే గీకాను. ఉద్యోగులకు వడ్డీ నూటికి తొమ్మిదే కాబట్టి నెలకు ఆరువందల ముప్పై పడేది. సాహిత్య సేవకు ఆ మాత్రం ఖర్చు సహజమని మా ఆవిడ త్రిపురకు చెప్పేవాణ్ణి. ఆవిడ ఆ సేవ ఎవరికి జరుగుతోందని అడిగేది.

ఇలా ఉండగా ఆ ఏడు జూన్‌లో ఢిల్లీ నుంచి ఉత్తర్వు దిగింది. క్రెడిట్ కార్డు బాకీల మీద ఏడాదికి నూటికి పన్నెండుకు మించి వడ్డీ తీసుకోరాదు. అప్పటిదాకా మా బ్యాంకు తీసుకుంటున్నది నలభై రెండు.

అంతకు ముందు రెండు నెలలుగా టీవీల్లో దీని మీదే వాదన. పరిమితి పెడితేనే పేదవాడు బతుకుతాడని ఒకాయన, పరిమితి పెడితే పేదవాడికి అసలు కార్డే దొరకదని ఇంకొకాయన. ఇద్దరూ పేదవాడి తరఫునే మాట్లాడుతున్నారు కాబట్టి పేదవాణ్ణి పిలవాల్సిన అవసరం ఛానెల్ వాళ్లకు కనిపించలేదు.

మా జనరల్ మేనేజరు ధనుంజయరావు గారు అత్యవసర సమావేశం పెట్టారు. ఆయన మాట్లాడుతుంటే సర్క్యులర్ చదువుతున్నట్టే ఉంటుంది.

"మిత్రులారా, ప్రభుత్వ ఉత్తర్వును మన సంస్థ శిరసావహిస్తుంది. అక్షరాలా పాటిస్తుంది. అక్షరాలా అన్నాను, గమనించగలరు. ఈ ఉత్తర్వులో 'వడ్డీ' అనే పదం పదిహేడుసార్లు ఉంది. నేనే లెక్కపెట్టాను. కనుక ప్రభుత్వం వారి అభ్యంతరం ఆ పదం పట్ల అని మనం వినమ్రంగా గ్రహించాలి. వారు పన్నెండు వరకు అనుమతించారు. మనం అంతకంటే ఉదాత్తంగా వ్యవహరిద్దాం. వడ్డీ సున్నా చేద్దాం."

ఆర్థిక విభాగం పెద్దాయన చేతిలోని బిస్కెట్టు టీలో పడిపోయింది. "సున్నానా సార్? మరి ఆ నలభై రెండూ?"

"అది భాషా విభాగం చూసుకుంటుంది," అన్నారు ధనుంజయరావు గారు.

గదిలో ఉన్న ఇరవై ముగ్గురూ తిరిగి నావైపు చూశారు. పద్దెనిమిదేళ్లలో ఆ మూల కుర్చీవైపు ఎవరైనా తిరగడం అదే మొదలు. దాన్ని నేను గౌరవంగా తీసుకున్నాను. ఆ ముచ్చటలోనే నా పతనం మొదలైందని తర్వాత తెలిసింది.

"పానకాలరావూ, వినియోగదారుడు సమయానికి కట్టడు. బ్యాంకు ఏం చేస్తుంది?"

"ఎదురుచూస్తుంది సార్."

"ఎదురుచూడటం శ్రమ కాదా?"

నేను క్షణం ఆలోచించాను. "నిరీక్షణ," అన్నాను. "నిరీక్షణ రుసుము."

ధనుంజయరావు గారు కళ్లు మూసుకుని ఆ మాటను ఒకసారి లోపల అనుకున్నారు. "అద్భుతం. ఇందులో బాకీ వాసనే లేదు. ఎవరో ప్రేమించి కూర్చున్నట్టుంది."

నా కవిత్వం గురించి అంత మంచి విమర్శ ఎవరూ చేయలేదు. ఇంటికి వెళ్లేదాకా కాళ్లు నేలమీద ఆనలేదు.

ఆ తర్వాత మాటలు వాటంతటవే వచ్చాయి. గడువు గుర్తుచేస్తూ పంపే మెసేజీకి 'జ్ఞాపక సేవా రుసుము'. బాకీ ఉన్నా కార్డు ఆపకుండా ఉంచినందుకు 'ఆదరణ రుసుము'. వడ్డీ సున్నా చేసి వినియోగదారుడి గుండె బరువు దించినందుకు 'ఉపశమన రుసుము'. చివరిది ధనుంజయరావు గారికి మరీ నచ్చింది. వడ్డీ ఎత్తేసినందుకే డబ్బు తీసుకోవచ్చన్నది తనకు తట్టనందుకు ఆయన బాధపడ్డారు కూడా. నెల తిరిగేసరికి ఏడు మాటలయ్యాయి, మూడు నెలలకు పదకొండు. అన్నీ కూడితే ఏడాదికి నూటికి అరవై ఐదు దాటాయి. పెరిగిందేమిటని ఆర్థిక విభాగం పెద్దాయనను అడిగాను. "మాటలు ఎక్కువయ్యాయి కదండీ," అన్నాడాయన. అది నా ప్రతిభకు దక్కిన పొగడ్త అనుకున్నాను.

సిగ్గు విడిచి ఒక మాట చెబుతాను. ఆ రోజుల్లో నేను చాలా ఆనందంగా ఉన్నాను. నా పుస్తకాన్ని ముప్పైమంది చదివారు, అందులో సగం బంధువులు. నా బిల్లును నెలనెలా పద్నాలుగు లక్షలమంది చదువుతున్నారు, అదీ మొదటి పదం నుంచి చివరి అంకె దాకా, ఊపిరి బిగబట్టి. ఏ కవికి ఉంది ఆ అదృష్టం?

ఇక 'వడ్డీ' అన్న మాట ఆఫీసులో ఎక్కడా ఉండకూడదని న్యాయ విభాగం తేల్చింది. ఎక్కడైనా పొరపాటున కనిపిస్తే ప్రభుత్వానికి అనుమానం రావచ్చట. నోటితో అన్నా, కాగితం మీద రాసినా మెమో. క్యాంటీన్‌లో 'వడ్డించు స్థలం' అన్న బోర్డు కూడా ముందుజాగ్రత్తగా తీసేశారు. అన్నం పెట్టే ఆయన పదిరోజులు ఎక్కడ నిలబడాలో తెలియక తిరిగాడు. ఆ పైన కంప్యూటర్ల వాళ్లు ఒక ప్రోగ్రాం రాసి, మా రికార్డుల్లో ఎక్కడ ఆ మాట ఉన్నా అక్కడ నా మాట వచ్చేటట్టు చేశారు.

వారం తిరక్కుండా పెందుర్తి నుంచి ఒకాయన ఫోన్ చేశాడు. ఆయన పేరు సన్యాసిరావు. ఇంటిపేరు వడ్డి.

"బాబూ, బ్యాంకు నుంచి నాకో కాయితం వచ్చింది. పైన 'శ్రీ నిరీక్షణ రుసుము సన్యాసిరావు గారికి' అని ఉంది. ఏటిది?"

"కంప్యూటర్ పొరపాటండీ. సరిచేయిస్తాను."

"మా పిల్లకి సంబంధం చూస్తన్నాం బాబూ. ఆళ్లు మా బ్యాంకు పుస్తకం అడిగినారు. రేపు ఇంటిపేరేటని అడిగితే, నిరీక్షణ రుసుమోరమని సెప్పమంటారేటి?"

సరిచేయడానికి మూడు వారాలు పట్టింది. ఇంటిపేరు మార్పు ఫారంలో అసలు ఇంటిపేరు రాయాలి. అది రాస్తే మెమో. చివరకు 'ఒకానొక ఇంటిపేరు గల సన్యాసిరావు' అని రాసి పంపాం. పెళ్లి సంబంధం సంగతి అడిగే ధైర్యం నాకు లేకపోయింది.

ఉద్యోగుల కార్డులకు కొత్త బిల్లులు సెప్టెంబరులో మొదలయ్యాయి. మొదటివారంలో నా కార్డు బిల్లే ఇంటికొచ్చింది. త్రిపుర కూరగాయలు తరుగుతూ గట్టిగా చదువుతోంది.

"నిరీక్షణ రుసుము, ఆదరణ రుసుము, ఉపశమన రుసుము... భలే ఉన్నాయండీ మాటలు. ఎవరో బాగా చదువుకున్నవాళ్లే రాసుంటారు."

"ఎవరో ఏమిటి," అన్నాను గర్వంగా. "నేనే."

"అయితే ఈ కిందది కూడా మీరే రాశారా? నాలుగు వేల ఆరువందల పన్నెండు."

కాగితం లాక్కుని చూశాను. నిజమే. పోయిన నెల ఆరువందల ముప్పై ఉన్నచోట నాలుగు వేల ఆరువందల పన్నెండు. మర్నాడు ఆఫీసుకు పరుగెత్తి, ఉద్యోగులకు రాయితీ ఏమైందని అడిగాను.

"రాయితీ వడ్డీ... క్షమించాలి, ఒకానొకదాని మీద కదండీ," అన్నాడు కార్డుల విభాగం గుమస్తా. "ఆ ఒకానొకటి ఇప్పుడు లేదు. లేనిదాని మీద రాయితీ ఎలా ఇస్తాం?"

తర్కంలో లోపమేమీ కనిపించలేదు. త్రిపురకు అదే చెప్పాను. ఆవిడ ఆ నెల పాల ప్యాకెట్లు రెండు నుంచి ఒకటికి తగ్గించి, నాకు కాఫీ బదులు కొత్తిమీర నీళ్లు ఇవ్వడం మొదలుపెట్టింది. దానికి ఏ పేరూ పెట్టలేదు.

అక్టోబరులో మా బ్యాంకును సన్మానించబోతున్నారని తెలిసింది. దేశంలో వడ్డీని పూర్తిగా సున్నా చేసింది మేమొక్కరమేనట. వేదిక మీద పదకర్తగా నాకూ ఒక కుర్చీ. కొత్త చొక్కా కుట్టించుకుందామని గవర్నరుపేట సందులో టైలరు మీరావలి దగ్గరకు వెళ్లాను. పన్నెండేళ్లుగా నా చొక్కాలు ఆయనే కుడుతున్నాడు. కిందటేడు మా బ్యాంకు కార్డు మీదే ముప్పై ఎనిమిది వేలు పెట్టి కరెంటు కుట్టు మిషను కొన్నాడు. కార్డు ఇప్పించింది కూడా నేనే.

కొలతలు తీసుకుని, టేపు మెడలో వేసుకుని, సొరుగులోంచి ఒక కాగితాల కట్ట తీశాడు.

"సార్, మీరు అక్కడే కదా చేసేది. ఇది కాస్త చదివి చెప్పండి. మా పెద్దమ్మాయి డిగ్రీ చదివింది, దానికీ అర్థం కాలేదు."

పైబిల్లు అందుకున్నాను. అది మొదటి నెలది. వడ్డీ అనాల్సిన చోట గీత, దాని పక్కన సున్నా. కింద నా నాలుగు మాటలు. నిరీక్షణ ఆరువందల నలభై, జ్ఞాపకం రెండువందల తొంభై ఐదు, ఆదరణ నాలుగువందల పది, ఉపశమనం మూడువందల యాభై.

"ఇదివరకు నెలకు వెయ్యి ఎనభై ఐదు పడేది సార్. కష్టంగానే ఉండేది కానీ ఎందుకు పడుతోందో తెలిసేది. తగ్గించారని టీవీలో చెప్పారు. మా ఆవిడ పాయసం కూడా చేసింది. తీరా చూస్తే వెయ్యి ఆరువందల తొంభై ఐదు. ఎందుకు సార్?"

"అది... బ్యాంకు మీ కోసం ఎదురుచూసింది వలీ గారూ. అందుకు."

"నా కోసమా?" ఆయన నిజంగానే ఆశ్చర్యపోయాడు. "ఎక్కడ ఎదురుచూసింది? చెబితే నేనే వచ్చేవాణ్ణి కదా. నడిచి పది నిమిషాలు."

పదకొండు మాటలు పుట్టించినవాణ్ణి, పన్నెండోది దొరకలేదు.

"ఈ ఆదరణ అంటే?"

"మిమ్మల్ని బాగా చూసుకున్నందుకు."

ఆయన బిల్లు నా చేతిలోంచి తీసుకుని కట్టలో పెట్టాడు. ఆ తర్వాత మామూలుగానే, కోపం లేకుండా, "నేను ఈ నెల చీటీ కట్టలేదు సార్. చిన్నదాని కాలేజీ ఫీజు ఆగింది. మిషను అమ్మేద్దామా అనుకుంటున్నా. పాత తొక్కుడు మిషను ఉంది కదా, మోకాళ్లు నొప్పి పుడతాయి, అంతే," అన్నాడు. చొక్కా ఎప్పటికి కావాలని కూడా ఆయనే అడిగాడు. శుక్రవారానికని చెప్పి బయటపడ్డాను. ఆ మాటలు రాసింది నేనేనని చెప్పలేదు. ఇంట్లో గర్వంగా చెప్పుకున్న సంగతే అది.

సన్మాన సభ పేరు 'వడ్డీ విముక్తి మహోత్సవం' అని ఢిల్లీ వాళ్లు పెట్టారు. ఆ మొదటి మాట రాయకూడదు కాబట్టి మా బ్యాంకు బ్యానరు మీద 'విముక్తి మహోత్సవం' అని మాత్రమే ఉంది. ఎవరు ఎవరినుంచి విముక్తులయ్యారో తెలియక బయట ఆటోవాళ్లు ఆగి చదువుతున్నారు. పరిమితి అమలు ప్రాంతీయాధికారిణి అమృతవల్లి గారు ముఖ్య అతిథి. చాలా నిక్కచ్చి మనిషి. రాగానే మా రికార్డులన్నీ తిరగేశారు. రెండు గంటలు వెతికినా వడ్డీ అన్న మాట ఒక్కచోటా దొరకలేదు.

"అపూర్వం," అన్నారు. "ఈ రుసుముల సంగతి నా దృష్టికి వచ్చింది. అయితే మా సంస్థ పరిధి వడ్డీకి మాత్రమే పరిమితం. పరిధి దాటి గమనించడం నియమావళికి విరుద్ధం."

లబ్ధిదారుడు ఒకరు మాట్లాడాలని కార్యక్రమంలో ఉంది. పిలవబోయే మనిషి ఎవరో నాకు ముందు తెలియదు. కార్డుల విభాగం వాళ్లు ఆఫీసుకు దగ్గరలో ఉన్న ఖాతాదారుణ్ణి వెతికి పట్టుకొచ్చారు. చూస్తే మీరావలి. నేను ఆయన కుట్టిన చొక్కాలో వేదిక మీద ఉన్నాను, ఆయన బిల్లుల కట్టతో మైకు ముందు ఉన్నాడు.

"అందరికీ నమస్కారం. నాకు వడ్డీ సున్నా అయింది. సంతోషం. కట్టేది మాత్రం ఎక్కువైంది. ఎందుకో ఎవరైనా చెబితే విని వెళ్లిపోతాను."

అమృతవల్లి గారు పక్కనున్న స్టెనో వైపు వంగి, "వడ్డీ సున్నా అయినట్లు లబ్ధిదారుడు స్వయంగా ధ్రువీకరించారు. సంతోషం కూడా వ్యక్తపరిచారు. నమోదు చేయండి," అన్నారు. "తదుపరి వాక్యం మన పరిధిలోకి రాదు."

ధనుంజయరావు గారు చప్పట్లు మొదలుపెట్టారు. సభ అందుకుంది. మీరావలికి శాలువా కప్పారు. ఆయన దాని నేత చేత్తో తడిమి చూసుకుంటూ దిగి వెళ్లిపోయాడు. దిగేటప్పుడు నావైపు ఒకసారి చూశాడు. అప్పటికే యాంకరు నన్ను "ఈ మధుర పదాల సృష్టికర్త" అని మైకులో పరిచయం చేసి ఉంది.

ప్రశంసాపత్రం ఇచ్చే ముందు అమృతవల్లి గారు ఒక ఫారం తీశారు. "పత్రానికి అనుబంధంగా పదకోశం జతపరచాలి. మీ బిల్లులోని ప్రతి అంశం ఎదుటా దాని అర్థం రాసి, పదకర్త సంతకం, జనరల్ మేనేజరు ప్రతిసంతకం చేయించి సాయంత్రం అయిదులోగా ఇవ్వండి. అర్థం ఒక్క మాటలో ఉండాలి. మా ఫారంలో గడి చిన్నది."

నా గదిలో కూర్చుని ఫారం ముందేసుకున్నాను. మొదటి గడి, నిరీక్షణ రుసుము. 'సకాలంలో చెల్లించని సొమ్ముకై సంస్థ వహించిన ఓర్పునకు ప్రతిఫలం' అని రాయబోయాను. ఓర్పు దగ్గరే గడి అయిపోయింది. రబ్బరుతో చెరిపాను. 'ఎదురుచూపు' అని రాద్దామనుకున్నాను. ఎక్కడ ఎదురుచూసింది, నడిచి పది నిమిషాలు అన్న మనిషి గుర్తొచ్చాడు. చెరిపాను. గడియారం నాలుగుంబావు చూపిస్తోంది.

ఆ తర్వాత నేను చేసింది ధైర్యమని చెప్పుకోవాలని ఉంది. చెప్పుకుంటే త్రిపుర నవ్వుతుంది. అందులో నా సొంత నాలుగు వేల ఆరువందల పన్నెండు కొంత ఉంది. కొత్తిమీర నీళ్లు కొంత ఉన్నాయి. వేదిక దిగుతూ మీరావలి చూసిన చూపు చాలా ఉంది. అన్నిటికీ మించి, ఆ గడిలో పట్టే మాట తెలుగులో ఒక్కటే దొరికింది.

వడ్డీ అని రాశాను. రెండో గడిలో వడ్డీ. మూడో గడిలో వడ్డీ. పదకొండు గడుల్లోనూ అదే. మూడు నెలలుగా రాయని మాట కావడంతో మొదటిసారి ఒత్తు సరిగ్గా పడలేదు. నాలుగో గడికి చెయ్యి కుదురుకుంది.

ధనుంజయరావు గారు ఫోటోలు దిగుతున్నారు. ఫారం అందించాను. "నీ భాష మీద నాకు పూర్తి విశ్వాసముందయ్యా పానకాలరావూ," అని, కెమెరావైపే చూస్తూ సంతకం పెట్టారు.

పన్నెండు రోజులకు అమృతవల్లి గారు మళ్లీ వచ్చారు. ఈసారి వెంట ఇద్దరు ఆడిటర్లున్నారు.

"జనరల్ మేనేజరు గారూ, మీ సంస్థ ఇచ్చిన పదకోశంలో, మీ సంతకంతో, వడ్డీ అన్న మాట పదకొండుసార్లు ఉంది. ఇంతకాలం ఈ వ్యవహారం మా పరిధిలో లేదు. మీరే తెచ్చి లోపల పెట్టారు."

"మేడమ్, అది కేవలం అర్థం!" అన్నారు ధనుంజయరావు గారు. "అసలు పదం వేరు!"

"మా నియమావళిలో అర్థానికి, పదానికి తేడా చూపే నిబంధన లేదు. కనిపించిందా లేదా అన్నదే ప్రశ్న. కనిపించింది."

పన్నెండుకు మించి తీసుకున్నదంతా ముప్పై రోజుల్లో తిరిగి జమ చేయాలని ఉత్తర్వు వచ్చింది. ప్రశంసాపత్రం మాత్రం వెనక్కి తీసుకోలేదు. దానికి వాళ్ల దగ్గర ఫారం లేదు. అది ఇప్పటికీ రిసెప్షన్ గోడ మీద ఉంది.

నాకు మెమో వచ్చింది. 'ఒకానొక నిషిద్ధ పదాన్ని పదకొండు పర్యాయములు లిఖితపూర్వకముగా ఉపయోగించినందులకు సంజాయిషీ ఇవ్వవలెను.' ఏ పదమో తెలియజేస్తే సంజాయిషీ ఇచ్చుకోగలనని జవాబు రాశాను. దానికి జవాబు రాలేదు. రాయాలంటే ఆ మాట రాయాలి కదా.

మీరావలి ఖాతాలో ఆరు వేల తొమ్మిది వందల చిల్లర తిరిగి జమ అయింది. చిన్నమ్మాయి ఫీజు ఆలస్యంగానైనా కట్టాడు. మిషను అమ్మలేదు. పెళ్లిళ్ల సీజనులో వచ్చిన డబ్బుతో మిగతా బాకీ కూడా తీర్చేశాడు. అవన్నీ ఆయన చెబితే తెలిసినవి కావు, కార్డుల విభాగం రికార్డులో దొంగతనంగా చూసి తెలుసుకున్నవి. కొట్టుకు వెళ్లే ముఖం నాకు లేదు.

ఇక్కడితో కథ బాగా ముగిసేదే. కానీ ఫిబ్రవరిలో ధనుంజయరావు గారు నన్ను పిలిచారు. ఆయన నాతో మాట్లాడి మూడు నెలలైంది.

"పన్నెండు శాతంతో చిన్న ఖాతాలు గిట్టుబాటు కావు. యాభై వేల లోపు పరిమితి ఉన్న కార్డులన్నీ ఉపసంహరిస్తున్నాం. నాలుగు లక్షల మందికి ఉత్తరం వెళ్లాలి. రద్దు అన్న మాట అందులో ఉండరాదు. ఇది నీకు ఆఖరి అవకాశం."

టీవీలో రెండో ఆయన చెప్పిందే జరిగిందన్నమాట. మొదటి ఆయన చెప్పిందీ జరిగింది. ఇద్దరూ గెలిచారు.

నిజం చెప్పేస్తాను. ఆయన మాట పూర్తికాకముందే నాకొక మాట తట్టింది. 'కార్డు విశ్రాంతి'. మీ కార్డుకు విశ్రాంతి కల్పించాం. ఎంత బాగుందో చూడండి. పద్దెనిమిదేళ్ల అలవాటు, ఆపుకుందామంటే ఆగదు. కాగితం మీద రాశాను కూడా. చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చుని, ఆఖరికి కొట్టేసి ఇంకొకటి రాశాను.

'అయ్యా, అమ్మా. మీ కార్డు రద్దు చేశాం. మీరు తప్పేమీ చేయలేదు. మీ వల్ల మాకు వచ్చే లాభం తక్కువ, అందుకే. మిగిలిన బాకీ ఏడాదికి నూటికి పన్నెండు వడ్డీతో నెలనెలా కట్టవచ్చు. కొత్త ఛార్జీలు ఏమీ లేవు.'

ధనుంజయరావు గారు రెండుసార్లు చదివారు. "ఇందులో భాష ఏదయ్యా?" అన్నారు.

వాళ్లు ఇంకెవరితోనో ఇంకేదో రాయించుకున్నారు. నన్ను సాలూరు శాఖకు బదిలీ చేశారు. నా కార్డు కూడా వెనక్కి తీసుకున్నారు. ఆ బాకీ పన్నెండు వడ్డీతో ఇంకా రెండేళ్లు కట్టాలి. త్రిపుర కాఫీ మళ్లీ మొదలుపెట్టింది, చక్కెర లేకుండా.

సామాన్లు సర్దుకుంటున్న ఆదివారం ఉదయం మీరావలే మా ఇంటికి వచ్చాడు. లోపలికి రమ్మంటే చెప్పులు విప్పి గుమ్మం దగ్గరే నిలబడ్డాడు.

"ఆ మాటలన్నీ మీరే పెట్టారట కదా సార్. ఆ రోజు మైకులో అన్నారు."

"అవును వలీ గారూ. నేనే."

"కొట్లో అడిగినప్పుడు చెప్పలేదే?"

"సిగ్గేసింది."

ఆయన తలూపాడు. క్షమించాడో లేదో ఆ తలూపులో తెలియలేదు. "మళ్లీ వాటి అర్థం రాసిచ్చింది కూడా మీరేనని బ్యాంకులో పిల్లలు చెప్పారు. సరే. ఇప్పుడు సంగతేమిటంటే, కార్డు పోయింది. మా ఆవిడ చీరలకు పీకో చేస్తానంటోంది. మిషను పద్దెనిమిది వేలు. వన్‌టౌన్‌లో టైలర్ల సహకార సంఘం ఇస్తానంటోంది కానీ, నెల జీతం ఉన్నవాళ్ల జామీను కావాలట. నాకు తెలిసినవాళ్లలో నెల జీతం ఉన్నది మీకే."

త్రిపుర వంటింట్లోంచి నావైపు చూసింది. నేను చొక్కా వేసుకున్నాను.

సంఘం ఆఫీసు ఒక చిన్న గది. గుమస్తా ఒక పేజీ కాగితం ముందుపెట్టాడు. అప్పు పద్దెనిమిది వేలు, వడ్డీ ఏడాదికి నూటికి పదకొండు, వాయిదాలు ఇరవై. మీరావలి ప్రతి అక్షరం మీదా వేలు పెట్టి తనే చదువుకుని సంతకం చేశాడు. తర్వాత కాగితం నా చేతికొచ్చింది. పైనుంచి కిందికి చదివాను. వెనక్కి తిప్పి చూశాను, ఖాళీ. మళ్లీ ముందుకు తిప్పి, అంచుల్లో చిన్న అక్షరాలేమైనా ఉన్నాయేమోనని కళ్లజోడు తుడుచుకుని మూడోసారి చదివాను.

గుమస్తా పెన్ను పట్టుకుని ఓపికగా చూస్తున్నాడు. "ఏం వెతుకుతున్నారు సార్?" అన్నాడు చివరికి.

"మీ దగ్గర నాలాంటివాడు ఎవడైనా పనిచేస్తున్నాడేమోనని," అని చెప్పి సంతకం పెట్టాను.